ఒక ఇల్లు, ఒక కుంపటి, ఒక ఫ్యామిలీ

అమెరికాలో ఉన్న మనవాళ్ళ మధ్య వీసాల తర్వాత ఎక్కువగా నలిగే మాట 'సింగిల్ ఫ్యామిలీ హోమ్'. అపార్ట్‌మెంటులో నాలుగేళ్ళు, టౌన్‌హౌసులో మూడేళ్ళు, ఆపైన సింగిల్ ఫ్యామిలీ. ముందు పచ్చిక, వెనక డెక్కు, రెండు కార్ల గరాజు. 'మొత్తానికి సింగిల్ ఫ్యామిలీ కొన్నాం' అని ఫోన్లో చెబితే ఇండియాలో ఉన్నవాళ్ళకి కూడా అర్థమైపోయేంతగా ఆ మాట మనదైపోయింది. దాన్ని మనం ఒక రకం బిల్డింగు పేరనుకుంటాం - పక్కింటి గోడ మన గోడకి తగలకుండా విడిగా నిలబడ్డ ఇల్లు అని. ఇల్లు అమ్మేవాడి బ్రోషర్లో అర్థం అదే. కానీ మునిసిపాలిటీ వాళ్ళ జోనింగ్ రూళ్ళ పుస్తకం తెరిస్తే, అందులో సగమే గోడల గురించి ఉంటుంది. మిగతా సగం మనుషుల గురించి. ఆ ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏమీ కానివాళ్ళు ఎంతమంది దాకా ఉండొచ్చు అన్న లెక్క అది.

ఈ లెక్క ఎక్కడ మొదలైంది, ఎవరిని దృష్టిలో పెట్టుకుని మొదలైంది, ఎన్ని వంకర్లు పోయింది అన్నది తెలుసుకోదగ్గ కథ. నేను లాయర్ని కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి. అయితే డెఫినిషన్లతో తంటాలు పడటం మనకి రోజూ ఉన్నదే కదా. ఆ కుతూహలంతోనే ఇదంతా తవ్వాను.

ముందు రూలు ఎలా ఉంటుందో చూద్దాం. ఊరికో రకంగా రాసుకున్నా, ఎముకల గూడు ఒక్కటే. మొదటి భాగం ఇంటి గురించి: పడుకోడానికీ, తినడానికీ, వండుకోడానికీ, స్నానపానాలకీ అన్ని ఏర్పాట్లూ ఉన్న గదుల సముదాయం ఒక 'యూనిట్'. స్థలంలో ఒక్కటే యూనిట్ ఉంటే అది సింగిల్ ఫ్యామిలీ. ఇందులో కీలకం వంటగది. పడగ్గదులు ఎన్ని కట్టుకున్నా ఎవడూ అడగడు, బాత్రూములు ఆరు పెట్టుకున్నా అడగడు. బేస్‌మెంటులో రెండో స్టవ్ పెట్టారో, 'ఇది రెండో యూనిట్ కాదు కదా?' అని ప్రశ్న మొదలౌతుంది. రెండో వంటగదికి పర్మిషన్ ఇవ్వాలంటే 'దీన్ని విడిగా అద్దెకివ్వను' అని కాగితం రాసి సంతకం పెట్టమనే ఊళ్ళున్నాయి. పోపులకీ చేపల పులుసుకీ అని మనవాళ్ళు ముచ్చటపడి కట్టించుకునే స్పైస్ కిచెన్‌కి కూడా ఈ గొడవ తప్పదు.

ఇదేదో అమెరికా వాళ్ళ చాదస్తం అనుకునేరు. మనమూ అంతే. అన్నదమ్ములు విడిపోతే 'వేరు కుంపటి పెట్టారు' అంటాం గానీ వేరు పడగ్గది వేసుకున్నారు అనం. మన జనాభా లెక్కల్లో కూడా ఒకే వంటింటి తిండి తినేవాళ్ళే ఒక కుటుంబం కింద లెక్క. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు ఒక ఇల్లు అన్న మాటలో న్యాయం ఉంది, కొలవడమూ తేలిక. దాంతో నాకు పేచీ లేదు.

పేచీ అంతా రెండో భాగంతో. 'సింగిల్ ఫ్యామిలీ' అన్నాక ఫ్యామిలీ అంటే ఏమిటో చెప్పాలి కదా. చాలా ఊళ్ళు చెప్పిన పద్ధతి ఇది: రక్తసంబంధం, పెళ్ళి, దత్తత - ఈ మూడింటిలో ఏదో ఒకదానితో కలిసినవాళ్ళు ఎంతమందైనా ఒక ఫ్యామిలీ. ఏ సంబంధమూ లేనివాళ్ళయితే మాత్రం ఇంతమందికి మించకూడదు. ఆ 'ఇంతమంది' ఒక ఊళ్ళో ఇద్దరు, ఇంకో ఊళ్ళో ముగ్గురు, మరో ఊళ్ళో ఐదుగురు. అంటే, పన్నెండుమంది ఉన్న ఉమ్మడి కుటుంబం మూడు పడగ్గదుల ఇంట్లో ఉంటే జోనింగ్‌కి అభ్యంతరం లేదు. అదే ఇంట్లో నలుగురు స్నేహితులుంటే నేరం. మొదటి కండిషన్ పాసైతే కౌంట్ చెక్ చెయ్యక్కర్లేదు, ఫెయిలైతేనే చెక్ చెయ్యాలి. కోడ్ రివ్యూలో ఇలాంటిది కనిపిస్తే, 'నీకు కావల్సింది జనసమ్మర్దం తగ్గించడమా, చుట్టరికం కనుక్కోవడమా?' అని అడుగుతాం. చరిత్ర చూస్తే ఈ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

శాన్ ఫ్రాన్సిస్కోతో మొదలెడదాం. 1870లో ఆ నగరం ఒక ఆర్డినెన్స్ చేసింది. అద్దె గదిలో ఉండే ఒక్కొక్క పెద్దమనిషికీ కనీసం 500 ఘనపుటడుగుల గాలి ఉండాలిట. వినడానికి ఎంత ఆరోగ్యకరంగా ఉంది! రూల్లో చైనా అన్న మాటే లేదు. అమలు చేసింది మాత్రం చైనాటౌన్‌లో. తక్కువ కూలికి పనిచేస్తూ, డబ్బు మిగుల్చుకోవడం కోసం ఒకే గదిలో పదిమంది పడుకునే చైనా కూలీలని అర్ధరాత్రి లేపి అరెస్టు చేసేవాళ్ళు. వాళ్ళేమో జరిమానా కట్టకుండా జైలుకెళ్ళేవాళ్ళు. తమాషా ఏమిటంటే వాళ్ళతో కిక్కిరిసిన ఆ జైలు గదుల్లో మనిషికి 500 ఘనపుటడుగుల గాలి ఉండేది కాదు. ఆ పైన బట్టలుతికే లాండ్రీల మీద పడ్డారు. చెక్క బిల్డింగులో లాండ్రీ పెట్టాలంటే పర్మిషన్ కావాలని 1880లో రూలు. దాదాపు రెండొందలమంది చైనావాళ్ళు దరఖాస్తు పెడితే అందరికీ లేదన్నారు. మిగతావాళ్ళలో ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. 1886లో ఇక్ వో కేసులో సుప్రీం కోర్టు దీన్ని కొట్టేసింది: రూలు పైకి ఎంత నిష్పక్షపాతంగా కనబడినా, అమల్లో వివక్ష ఉంటే చెల్లదని.

ఆ తీర్పు నుంచి ఊళ్ళ పెద్దలు నేర్చుకున్న పాఠం వేరు. మనిషిని పట్టుకుంటే కోర్టు ఒప్పుకోదు, స్థలాన్ని పట్టుకుందాం అని.

1916లో శాన్ ఫ్రాన్సిస్కోకి ఎదురు ఒడ్డున ఉన్న బర్క్లీలో, ఎల్మ్‌వుడ్ అనే పేటలో, 'ఇక్కడ ఒక కుటుంబానికి ఒక ఇల్లు తప్ప మరేదీ కట్టకూడదు' అన్న జోన్ పెట్టారు. దేశంలో సింగిల్ ఫ్యామిలీ జోనింగ్‌కి ఇదే ఆది అని సాధారణంగా చెప్తారు. దాని కోసం గట్టిగా పనిచేసినవాళ్ళలో డంకన్ మెక్‌డఫీ అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి ఒకాయన. ఆయన వేసిన లేఅవుట్ల దస్తావేజుల్లో, నల్లవాళ్ళకీ ఆసియావాళ్ళకీ ఇళ్ళు అమ్మకూడదన్న షరతులు అప్పటికే ఉన్నాయి. దస్తావేజు షరతు ఆ లేఅవుట్ వరకే పనిచేస్తుంది. పక్క స్థలంలో ఎవడైనా లాండ్రీయో అద్దె వాటాలో కడితే? అందుకని జోనింగ్.

అదే రోజుల్లో అదే బర్క్లీలో జరిగిన ఒక సంగతి మనం తెలుసుకోవాలి. వైష్ణోదాస్ బగాయి, ఆయన భార్య కళా బగాయి, ముగ్గురు పిల్లలు 1915లో పెషావర్ నుంచి వచ్చి శాన్ ఫ్రాన్సిస్కోలో దిగారు. ఆ తర్వాత బర్క్లీలో ఇల్లు కొనుక్కున్నారు. సామాను వేసుకుని గృహప్రవేశానికి వెళ్ళేసరికి ఇరుగుపొరుగువాళ్ళు ఆ ఇంటికి తాళాలు వేసేశారు. ఇక్కడ ఉంటే పిల్లలకి ఏమౌతుందోనని, కొన్న ఇంట్లో అడుగు పెట్టకుండానే వెనుదిరిగారు. (వందేళ్ళ తర్వాత బర్క్లీవాళ్ళు ఒక వీధికి కళా బగాయి పేరు పెట్టారు. ఆలస్యమైనా సంతోషమే.) వాళ్ళని ఆపింది జోనింగ్ కాదు, మనుషులే. ఆ మనుషుల మనసులో ఉన్నదాన్ని తాళాలు లేకుండా చేసి పెట్టే సాధనంగా జోనింగ్ ఎదిగింది.

ఎందుకంటే 1917లో ఇంకో దెబ్బ తగిలింది. తెల్లవాళ్ళ వీధి, నల్లవాళ్ళ వీధి అని చట్టం చేసి విడదీసిన లూయివిల్ నగరం రూల్ని సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. రంగు పేరుతో జోన్లు గీయడం కుదరదు. మరి ఇంటి రకం పేరుతో గీయొచ్చా? ఆ ప్రశ్న 1926లో యూక్లిడ్ కేసుగా వచ్చింది. ఒహైయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ పక్కన యూక్లిడ్ అనే చిన్న ఊరు. అక్కడ యాంబ్లర్ రియాల్టీ అనే కంపెనీకి 68 ఎకరాలుంది. ఫ్యాక్టరీలకి అమ్ముకుందామనుకుంటుంటే, ఊరివాళ్ళు మొత్తాన్నీ జోన్లుగా విడగొట్టి మొదటి తరగతిలో సింగిల్ ఫ్యామిలీ ఇళ్ళు, రెండో తరగతిలో రెండు వాటాల ఇళ్ళు, మూడోదాంట్లో అపార్ట్‌మెంట్లు అని నిచ్చెన వేశారు. కంపెనీ కోర్టుకెళ్ళింది. కింది కోర్టు జడ్జి వెస్టెన్‌హేవర్, ఇది జనాన్ని ఆదాయాన్ని బట్టి విడగొట్టడమేనని ఉన్నమాట అనేసి కొట్టేశాడు. సుప్రీం కోర్టు మాత్రం 6-3తో ఊరి పక్షాన తీర్పిచ్చింది. తీర్పు రాసిన జస్టిస్ జార్జ్ సదర్లాండ్ అపార్ట్‌మెంట్లని, మంచి పేటలో చేరి దాని హాయిని పీల్చే పరాన్నజీవులతో పోల్చాడు.

ఈ సదర్లాండ్ పేరు ఎక్కడో విన్నట్టుందా? 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో, ఇండియావాళ్ళు 'తెల్లవాళ్ళు' కారు కాబట్టి అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు రాసింది ఈయనే. థింద్ పాపం, మేమూ ఆర్యులమే, కకేసియన్లమే అని అప్పటి శాస్త్రాల ప్రకారం వాదించుకొచ్చాడు. శాస్త్రం ఏమన్నా మాకనవసరం, మామూలు మనిషి తెల్లవాడు అనుకునేవాడే తెల్లవాడు అని ఈయన తేల్చేశాడు. (ఆ తీర్పు దెబ్బకి పౌరసత్వం పోయినవాళ్ళలో వైష్ణోదాస్ బగాయి ఒకరు. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు.) ఇంకో విశేషం, సదర్లాండ్ కూడా వలస వచ్చినవాడే, పుట్టింది ఇంగ్లండులో. రెండు తీర్పులకీ చట్టపరంగా సంబంధం లేదు, నిజమే. కానీ రెండింట్లోనూ ఒక పోలిక కనిపిస్తుంది నాకు. లోపలున్నవాళ్ళకి ఎలా తోస్తే అలా ఒక మాటకి అర్థం రాసుకోవచ్చు, బయటివాడు ఆ అర్థానికి సరిపోకపోతే అది బయటివాడి సమస్య.

ఇప్పటిదాకా ఇంటి రకం గురించే. అసలు 'ఫ్యామిలీ' మీద పెద్ద తగువు 1974లో వచ్చింది. న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో బెల్ టెర్ అని చదరపు మైలు కూడా లేని ఊరు. 220 ఇళ్ళు, 700 మంది జనం. అక్కడి రూలు ప్రకారం చుట్టరికం లేనివాళ్ళు ఇద్దరికి మించి కలిసి ఉండకూడదు. స్టోనీ బ్రూక్ యూనివర్సిటీ విద్యార్థులు ఆరుగురు ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నారు. గొడవ సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 7-2తో ఊరే గెలిచింది. తీర్పు రాసింది ఎవరో ఛాందసుడు కాదు, వ్యక్తి స్వేచ్ఛ కోసం జీవితమంతా తీర్పులు రాసిన విలియం డగ్లస్. విశాలమైన పెరళ్ళు, కొద్దిపాటి జనం, తక్కువ కార్లు ఉన్న ప్రశాంతమైన చోటు కావాలనుకోవడం న్యాయమేనన్నాడు. దానికి థర్‌గుడ్ మార్షల్ రాసిన అసమ్మతి చదివితే మనవాడెవడో కోడ్ రివ్యూ రాసినట్టే ఉంటుంది. గోల ఎక్కువైతే గోల మీద రూలు పెట్టండి, కార్లెక్కువైతే కార్ల మీద పెట్టండి, జనం ఎక్కువైతే అందరికీ వర్తించేలా జనం మీద పెట్టండి, అంతేగానీ ఇంట్లోవాళ్ళు ఒకరికొకరు ఏమవుతారన్నది మీకెందుకు అని ఆయన వాదన సారాంశం.

డగ్లస్ తీర్పు చూసి, రక్తసంబంధం ఉన్నవాళ్ళకి భయం లేదులే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. మూడేళ్ళు తిరక్కుండా ఇనెజ్ మూర్ కేసు వచ్చింది. ఈసారీ క్లీవ్‌లాండ్ శివారే, ఈస్ట్ క్లీవ్‌లాండ్. మూర్ ఒక నల్లజాతి మామ్మగారు. ఆవిడ ఇంట్లో ఉన్నది ఒక కొడుకు, ఆ కొడుకు కొడుకు, తల్లి చచ్చిపోతే పసివాడుగా మామ్మ దగ్గరకి చేరిన ఇంకో కొడుకు కొడుకు. అంటే మామ్మ, ఒక కొడుకు, ఇద్దరు మనవలు. ఈస్ట్ క్లీవ్‌లాండ్ వాళ్ళు ఫ్యామిలీ అన్న మాటకి రాసుకున్న అర్థంలో ఒక కొడుకు పిల్లలు పడతారు గానీ రెండు వేర్వేరు కొడుకుల పిల్లలు పట్టరు. ఆ తల్లిలేని పిల్లాడు ఈ ఇంట్లో ఉండటం చట్టవిరుద్ధం, పంపించెయ్యమని నోటీసిచ్చారు. ఆవిడ పంపలేదు. మామ్మగారికి ఐదు రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా!

ఇక్కడ ఒక్క క్షణం ఆగి తెలుగులో ఆలోచించండి. ఆ ఇద్దరు కుర్రాళ్ళూ అన్నదమ్ముల పిల్లలు. ఇంగ్లీషులో వాళ్ళు 'కజిన్స్'. తెలుగులో? అన్నదమ్ములే. పెదనాన్న కొడుకు అన్నయ్య, బాబాయి కొడుకు తమ్ముడు. వేరే మాటే లేదు మనకి. మేనత్త కొడుకయితే బావ, అది వేరే లెక్క. అదే రూల్ని తెలుగులో రాస్తే అసలు ఆ నేరమే పుట్టదు. చుట్టరికం అనేది రక్తంలో ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, ఎక్కడ గీత గీయాలన్నది భాషలో ఉంది, అలవాటులో ఉంది. ఆ అలవాటు ఎవరిదైతే రూలు వాళ్ళది.

1977లో సుప్రీం కోర్టు 5-4తో మామ్మగారిని గెలిపించింది. ఒక్క ఓటు తేడా. మామ్మలు, తాతలు, అత్తలు, బాబాయిలు కలిసుండటం కూడా ఈ దేశంలో పాతుకున్న సంప్రదాయమేనని జస్టిస్ పావెల్ రాశాడు. నల్లవాళ్ళకీ, వలస వచ్చినవాళ్ళకీ పెద్ద కుటుంబమే బతుకు ఆసరా అని జస్టిస్ బ్రెన్నన్ విడిగా రాశాడు. గమనించాల్సిన సంగతి ఇంకోటుంది. అప్పటికి ఈస్ట్ క్లీవ్‌లాండ్‌లో ఎక్కువమంది నల్లవాళ్ళే, ఊరి పాలకవర్గంలోనూ వాళ్ళే ఎక్కువ. అంటే ఇది తెల్లవాళ్ళు నల్లవాళ్ళని ఆపడానికి వాడిన రూలు కాదు. మంచి పేటలోకి అడుగుపెట్టినవాళ్ళు ఆ పేట చెయ్యిజారిపోకుండా వాడిన రూలు. గేటు దాటి లోపలికొచ్చాక గేటు మూసే పని మనదౌతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

మూర్ తీర్పు చుట్టాలని కాపాడింది. చుట్టాలు కానివాళ్ళ సంగతి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం. న్యూజెర్సీ సుప్రీం కోర్టు 1979లోనే, మనుషుల సంఖ్యని ఇంటి వైశాల్యాన్ని బట్టి పరిమితం చెయ్యండి, చుట్టరికాన్ని బట్టి కుదరదంది. కాలిఫోర్నియాలో 1980లో శాంటా బార్బరా కేసు. పది పడగ్గదుల పెద్ద ఇంట్లో పన్నెండుమంది కలిసి ఉంటున్నారు. ఒకే కుటుంబంలా వండుకుని తింటున్నారు, ఊరి రూలేమో ఐదుగురు. అక్కడి సుప్రీం కోర్టు రూల్ని కొట్టేసింది. మిషిగన్ 1984లో, న్యూయార్క్ 1985లో అదే దారి పట్టాయి. ఎడిసన్‌లోనో, సన్నీవేల్‌లోనో నలుగురైదుగురు బ్యాచిలర్లు కలిసి ఇల్లు తీసుకుంటే జోనింగ్ పేరుతో చుట్టరికం అడిగే హక్కు ఊరికి లేదంటే, దాని వెనక ఈ తీర్పులున్నాయి. ఇక సియాటిల్ పక్కనున్న ఎడ్మండ్స్‌లో, తాగుడు మానుకుంటున్న పది పన్నెండుమంది కలిసి ఉండే ఇంటి మీద ఐదుగురి రూలు ప్రయోగిస్తే, 1995లో సుప్రీం కోర్టు ఒక మంచి మాట చెప్పింది. జనం కిక్కిరిసిపోకుండా పెట్టే పరిమితి అందరికీ ఒకేలా ఉంటుంది, ఇది అలాంటిది కాదు, ఇది ఫ్యామిలీ అంటే ఎవరో చెప్పే రూలు, కాబట్టి వివక్ష చట్టం నుంచి దీనికి మినహాయింపు లేదు అని. మన మొదటి ప్రశ్నకి జవాబు అదే.

మిగతా రాష్ట్రాల్లో పాత రూలే చాలాకాలం నడిచింది, కొన్నిచోట్ల ఇంకా నడుస్తోంది. దీని రుచి నాక్కూడా కొంచెం తెలుసు. నేనొచ్చిన కొత్తలో ఒక చిన్న ఊళ్ళో ఐదుగురం కలిసి ఇల్లు అద్దెకి తీసుకున్నాం. పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేస్తే ఒకాయన కాగితాలు పట్టుకుని వచ్చాడు. రూలు ముగ్గురే. 'మీలో ఎవరెవరు చుట్టాలు?' అన్నాడు. మాలో ఇద్దరికి పాస్‌పోర్టులో పేరు చివర రావు అని ఉంది. ఒకడిది శ్రీకాకుళం, ఒకడిది ఖమ్మం, ఏడు తరాలు వెనక్కి వెళ్ళినా సంబంధం లేదు. వాళ్ళని అన్నదమ్ములుగా రాసుకున్నాడు. మిగతా ఇద్దరు స్వయానా మేనత్త మేనమామ పిల్లలు. ఇంటిపేర్లు వేరు కాబట్టి వాళ్ళు పరాయివాళ్ళు! కాదని చెబితే రుజువు చూపించమన్నాడు. బావమరిది అని రుజువు చేసే సర్టిఫికెట్టు ఏ తాసిల్దారు ఇస్తాడు? నెల తిరిగేలోగా ఇద్దరు వేరే ఇల్లు వెతుక్కున్నారు. మా ఇంట్లో గోల లేదు, అయిదుగురికీ కలిపి రెండు కార్లు. ఎదురింట్లో ఒకే ఫ్యామిలీకి నాలుగు కార్లు, మూడు కుక్కలు. అది లీగలు.

కన్సల్టెన్సీల గెస్ట్‌హౌసుల్లో ఎనిమిదిమంది పదిమంది పరుపులు పరుచుకుని పడుకున్నవాళ్ళకి ఇలాంటి కథలు ఇంకా తెలుస్తాయి. అక్కడ కొన్నిచోట్ల నిజంగానే జనం ఎక్కువ, అది ఆరోగ్యానికీ మంచిది కాదు, నిప్పంటుకుంటే ప్రమాదం. కానీ దానికి వేరే రూళ్ళున్నాయి. చాలా ఊళ్ళు వాడే ప్రామాణిక నిబంధనల ప్రకారం ఒక్కరు పడుకునే గది కనీసం 70 చదరపుటడుగులు, ఒకరికి మించితే మనిషికి 50 చదరపుటడుగులు ఉండాలి. అది చుట్టాలకీ, స్నేహితులకీ ఒక్కటే. ఆ రూలు అమలు చేస్తే చాలు, చుట్టరికం పట్టిక ఎందుకు?

చుట్టరికం పట్టిక ఎంత దూరం పోగలదో 2005 డిసెంబరులో వర్జీనియాలోని మనాసస్ చూపించింది. మధ్య అమెరికా దేశాల నుంచి వలస వచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో పెరుగుతున్న రోజులవి. ఫ్యామిలీ అంటే దగ్గరి బంధువులేనని, బాబాయిలు, పిన్నులు, మేనల్లుళ్ళు, కజిన్స్ లెక్కలోకి రారని రూలు మార్చేశారు. మూర్ తీర్పు వచ్చిన 28 ఏళ్ళకి! దేశమంతా గొడవైతే కొద్ది వారాల్లోనే పక్కన పెట్టేశారు. అదే డీసీ చుట్టుపక్కల ఎంతమంది తెలుగువాళ్ళున్నారో మీకు తెలుసు. మేనల్లుడు ఎంఎస్‌కి వచ్చి మేనమామ ఇంట్లో రెండేళ్ళుంటే అది చట్టవిరుద్ధం అయ్యుండేది.

అమెరికా వాళ్ళని అనేముందు మన సంగతీ చూసుకోవాలి. హైదరాబాద్‌లో 'ఓన్లీ ఫ్యామిలీస్' అని బోర్డులు, ఇల్లు అడగ్గానే 'పెళ్ళయిందా, మీరేవిట్లు, నాన్‌వెజ్ తింటారా' అన్న ప్రశ్నలు మనలో చాలామందికి అనుభవమే. అక్కడ ఇంటాయన నోటితో అడిగేదాన్ని ఇక్కడ మునిసిపాలిటీ పుస్తకంలో రాసింది, అంతే తేడా. ఇంటాయనైతే నచ్చజెప్పుకోవచ్చు, లేదా ఇంకో వీధికి పోవచ్చు. ఊరే రాస్తే ఊరంతా మూసినట్టే.

ఇప్పుడిప్పుడు గాలి మారుతోంది. అద్దెలూ ఇళ్ళ ధరలూ మండిపోవడం దానికి ముఖ్యకారణం. సింగిల్ ఫ్యామిలీ ఇళ్ళకి మాత్రమే అన్న గీతని మినియాపొలిస్ 2018లో చేసిన ప్లాన్‌తో చెరిపేసింది. 2019లో ఒరెగన్ రాష్ట్రం, పదివేల జనాభా దాటిన ఊళ్ళలో రెండు వాటాల ఇళ్ళని ఆపకూడదంది. 2021లో కాలిఫోర్నియా అదే బాట పట్టింది. ఆ ఏడాదే బర్క్లీ కౌన్సిల్, దీన్ని మొదలుపెట్టింది మేమే, ముగించేదీ మేమేనని తీర్మానం చేసింది. ఫ్యామిలీ లెక్క కూడా సడలుతోంది. చుట్టాలు కానివాళ్ళ మీద పరిమితి పెట్టకుండా అయోవా 2017లో, ఒరెగన్, వాషింగ్టన్ 2021లో, కొలరాడో 2024లో చట్టాలు చేశాయి. డెన్వర్‌లో 2021 దాకా ఇద్దరే ఉండాలన్న రూలుండేది, అప్పుడు ఐదుగురికి పెంచారు.

అవతలివాళ్ళ వాదనలో పస లేదని నేననను. జీవితంలో అతిపెద్ద అప్పు చేసి కొన్న ఇల్లది. పక్కిల్లు ఎవరో పెట్టుబడిదారు కొని గదికింత చొప్పున పదిమందికి అద్దెకిస్తే, వీధంతా కార్లు నిండిపోతే, నష్టపోయేది పక్కింటివాడే. ఆ భయం నిజమైనదే. కానీ ఆ భయానికి మందు పార్కింగ్ రూలు, గోల రూలు, గదికింతమంది అన్న రూలు. మందు దగ్గరే ఉండగా గోత్రాలు అడగడం దేనికి?

ఇక మనవాళ్ళ సంగతి. ఒకప్పుడు గెస్ట్‌హౌసులో పరుపు పంచుకున్నవాళ్ళమే ఇవాళ మంచి స్కూళ్ళున్న ఊళ్ళో నాలుగు పడగ్గదుల ఇళ్ళవాళ్ళం. పక్కన అపార్ట్‌మెంట్లు వస్తున్నాయంటే వాట్సప్ గ్రూపులో పిటిషన్ తిప్పేది మనమే, కౌన్సిల్ మీటింగుకెళ్ళి 'నైబర్‌హుడ్ క్యారెక్టర్' అని మైకులో మాట్లాడేదీ మనమే. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో, అందులో మన బగాయి కుటుంబం ఇల్లు కూడా ఉందని తెలిసి మాట్లాడితే మంచిదని నా అభిప్రాయం. ఈస్ట్ క్లీవ్‌లాండ్ వాళ్ళ గేటు సంగతి గుర్తుంచుకోమన్నది ఇందుకే.

ఒక పని చెయ్యండి. మీ ఊరి జోనింగ్ కోడ్ ఇంటర్నెట్లోనే దొరుకుతుంది. డెఫినిషన్ల అధ్యాయం తెరిచి 'ఎఫ్' దగ్గర ఫ్యామిలీ అన్న మాటకి ఏం రాశారో చదవండి. కొత్త పద్ధతిలో రాసిన ఊరైతే ఒకే ఇంటిగా కలిసి బతికేవాళ్ళు అని ఉంటుంది, అంటే మన కుంపటి లెక్క. పాత పద్ధతిదైతే చుట్టరికాల పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో మీ అమ్మానాన్నలు ఉంటారు, అనుమానం లేదు. మీ బాబాయి కొడుకు ఉన్నాడో లేదో చూడండి. ఈ ఏడు హెచ్‌1 మీద దిగిన మీ క్లాస్‌మేటు కొడుకు, ఏమీ కానివాడు, మీ పై గదిలో ఆరు నెలలు ఉండొచ్చో లేదో చూడండి. లేదని ఉంటే, తర్వాతి కౌన్సిల్ మీటింగులో మైకు దగ్గర మాట్లాడాల్సింది దాని గురించి.